ఎర్ర ట్యాగు విప్పిన చెయ్యి

పోయిన వారం తనూజని ప్రిన్సిపాల్ గది బయట చెక్క బెంచీ మీద కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే ఉంది. లోపలికి పంపే ముందు, పోయిన సంచిక పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగివ్వనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో సంగతి చెప్పేస్తాను.

భిలాయిలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీ. అందులో మెటలర్జీ ల్యాబు తనూజ చూసుకుంటుంది. ఆ ల్యాబులో ఉక్కు ముక్కల్ని కోసే మిషనొకటుంది. గిర్రున తిరిగే దాని చక్రం మీద ఇనప మూత ఉంటుంది. ఆ మూతకి కీలు విరిగింది. చక్రం గనక పగిలితే ముక్కలు నేరుగా మనిషి మీదికొస్తాయి. కొత్త కీలు కావాలని తనూజ రాసిన కాగితం రెండు నెలలుగా ఏ బల్ల మీద నిద్రపోతోందో ఎవరికీ తెలీదు. అందుకని స్విచ్చుకి ఎర్ర ట్యాగు కట్టింది. ట్యాగు ఉన్నంతకాలం ఆ మిషన్ని ఎవరూ ముట్టుకోకూడదు. మంగళవారం పొద్దున్న కాలేజీకి మార్కులేసే తనిఖీ బృందం వచ్చింది. అదే రోజు మధ్యాహ్నం మూడో ఏడాది చదువుతున్న భాగ్యరేఖ తన ప్రాజెక్టు ముక్క కోసుకుందామని ఆ మిషను నడిపింది. చక్రం పగిలింది. పిల్ల కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. అప్పటికి స్విచ్చుకి ట్యాగు లేదు.

ఎవరు విప్పారు? నాలుగు రోజులుగా తనూజకి తిండి సయించకుండా చేస్తున్న ప్రశ్న అదొక్కటే. వర్క్‌షాపు చూసుకునే కృష్ణమోహన్ విప్పి ఉంటాడని ఆమె అనుమానం. మనమూ ఆయన్నే అనుమానించాం. ఆయన మొహం అలాంటిది మరి, ఏం చేస్తాం.

సరే, తలుపు తెరుచుకుంది. పదండి.

ప్రిన్సిపాల్ సురేంద్రనాథ్ కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. విజయనగరం మనిషే గానీ, ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ ఆయనకి తెలుగు సగమే వస్తుంది. ఆయనకి కుడిపక్కన కూర్చున్నది మల్లేశ్వరరావు, కాలేజీ సేఫ్టీ ఆఫీసరు. తనూజ కన్నతండ్రి.

మల్లేశ్వరరావు గురించి కొంచెం చెప్పుకోవాలి. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు సేఫ్టీ డిపార్టుమెంటులో చేసి రిటైరయ్యాడు. వాళ్లుండే ఖుర్సీపార్‌లో ఏ గల్లీలో అడిగినా సేఫ్టీ మల్లేశ్వరరావు ఇల్లు చూపిస్తారు. కాలేజీకి సేఫ్టీ నియమాలు రాసిందీ, ట్యాగు పద్ధతి నేర్పిందీ ఆయనే. ప్లాంటు పద్ధతి అది. ట్యాగు అంటే ఎర్ర అట్టముక్క. దాన్ని మధ్యకి చింపితే రెండు సగాలవుతుంది. పై సగం పురికొసతో స్విచ్చుకి కడతారు. కింది సగం కట్టినవాళ్ల దగ్గరే ఉంటుంది. మళ్లీ ఆ మనిషే వచ్చి, రెండు సగాలూ కలిపి చూసుకుని, తన చేత్తో విప్పాలి. "ట్యాగు కట్టినవారే విప్పాలి. ఇందులో మినహాయింపు లేదు." ఈ మాట ప్రతి ల్యాబు తలుపు మీదా ఇంగ్లీషులోనూ, హిందీలోనూ, మల్లేశ్వరరావు పట్టుబట్టడం వల్ల తెలుగులోనూ ఉంది. కింద ఆయన పేరుంది. ప్రిన్సిపాల్ గదిలో కూడా ఒకటి ఫ్రేము కట్టించి తగిలించారు.

"బైఠియే మేడమ్," అన్నాడు సురేంద్రనాథ్. "ఒక్క సంతకం, బస్. ఎంక్వయిరీ ఖతమ్."

రెండు పేజీల ఇంగ్లీషు కాగితం ముందుకి తోశాడు. తనూజ చదివింది. మొదటి పేజీ నిండా తేదీలూ పేర్లూ. రెండో పేజీలో నాలుగో లైను దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. విద్యార్థిని భాగ్యరేఖ, ల్యాబు ఇన్‌చార్జి కట్టిన ట్యాగును అనుమతి లేకుండా తొలగించి మిషను నడిపినందున ఈ ప్రమాదానికి పూర్తి బాధ్యత ఆమెదే. ఒక ఏడాది పాటు కాలేజీ నుంచి బహిష్కరణ. తల్లిదండ్రులు ఇందుకు ఒప్పుకుని సంతకం చెయ్యాలి.

కింద రెండు సంతకాలు అప్పటికే ఉన్నాయి. ఒకటి సురేంద్రనాథ్‌ది. రెండోది నీలం సిరాతో, చివర చిన్న గీతతో ఉంది. తనూజ ప్రోగ్రెసు కార్డులన్నిటి మీదా ఉండే సంతకమే.

"భాగ్యరేఖ ట్యాగు విప్పే పిల్ల కాదు సార్. నా దగ్గర రెండేళ్లు చేసింది. ఎవరు చెప్పేరు మీకు?"

"చెప్పేదేముంది? ట్యాగు ఎక్కడ దొరికిందో తెలుసా? మిషను పక్క డ్రాయర్లో. స్టూడెంట్లు వాళ్ల ముక్కలు దాచుకునే డ్రాయరు అది. దేఖ్ లీజియే."

పలచని ప్లాస్టిక్ కవరు బల్ల మీద పెట్టాడు. లోపల ఆమె రాసిన ఎర్ర అట్ట. దాంతోపాటు పురికొస.

పురికొస తెగలేదు. ఎవరో ఓపిగ్గా ముడి విప్పారు. విప్పి, రెండు వేళ్లకి చుట్టి, చివరని లోపలికి దోపి, చిన్న చుట్టలా చేసి పెట్టారు.

తనూజ దాన్ని చూసింది. తర్వాత తండ్రిని చూసింది. ఆయన కళ్లజోడు తీసి అద్దాలు తుడుచుకుంటున్నాడు. తుడిచినవే మళ్లీ తుడుస్తున్నాడు.

ఏం మాట్లాడిందో ఆమెకే సరిగ్గా తెలీదు. "సోమవారం చెప్తాను సార్," అన్నట్టుంది. లేచి వచ్చేసింది.

ఇంటికెళ్లాలంటే సుపేలాలో ఆటో మారాలి. మారకుండా నడిచింది. హారన్లు కొట్టారు, ఎవరో "అరే దీదీ, దేఖ్ కే" అని అరిచారు. ఆమెకి ఒకటే జ్ఞాపకం. ఎనిమిదేళ్లప్పుడు నాన్న కుర్చీ కాలికి పురికొస కట్టి ముడి నేర్పించాడు. లాగితే బిగిసే ముడి అది. విప్పాలంటే ఎక్కడ నొక్కాలో తెలిసుండాలి. "ఇది నువ్వు కట్టేవంటే నీ మాట కట్టేవన్నమాట. నీ మాట ఇంకొకడు విప్పకూడదు తల్లీ," అన్నాడు. కాలేజీ అంతా వెతికినా ఆ ముడి విప్పగలవాళ్లు ఇద్దరే. కృష్ణమోహన్‌కి అంత ఓపికెక్కడిది, పటకారుతో కొరికేసేవాడు. నాలుగు రోజులుగా ఆయన్ని మనసులో తిట్టుకున్నందుకు ఆమెకి సిగ్గేసింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్లింది. పై అరలో పాత పాలపొడి డబ్బా ఉంది. అమ్మ ఉన్నప్పట్నుంచీ ఉంది, అమ్మ పోయి తొమ్మిదేళ్లయినా ఉంది. కొట్టునుంచి వచ్చే ప్రతి పొట్లం పురికొసనీ మల్లేశ్వరరావు పారెయ్యడు. విప్పి, రెండు వేళ్లకి చుట్టి, చివర దోపి, అందులో వేస్తాడు. తనూజ డబ్బా దింపి బల్ల మీద బోర్లించింది. చుట్టలన్నీ దొర్లాయి. పర్సులోంచి తన సగం ట్యాగు తీసి వాటి మధ్యన పెట్టి కూర్చుంది.

స్కూటరు ఆగిన చప్పుడైంది. మల్లేశ్వరరావు హెల్మెట్ మేకుకి తగిలించాడు. గల్లీ చివరి కొట్టుకి వెళ్లినా హెల్మెట్ పెట్టుకునే మనిషాయన.

"అన్నం తిన్నావేటమ్మా?" అంటూ లోపలికొచ్చి బల్ల చూశాడు. "ఇదేటి, డబ్బా దింపేవెందుకు?"

"ఒక్కటైనా వేరేలా చుట్టింది దొరుకుద్దేమోనని చూస్తన్నాను నాన్నా."

ఆయన కుర్చీ లాక్కున్నాడు గానీ వెంటనే కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పూట నన్ను దుర్గ్ స్టేషనుకి పంపేరు, గెస్టుని తీసుకురమ్మని," అంది తనూజ. "నేను లేను. ఆ ముడి విప్పడం వచ్చినోళ్లు ఇంకెవరున్నారు?"

"పది నిమిషాలమ్మా." కూర్చున్నాడు. "పది నిమిషాలే అనుకున్నాను."

"సచ్ బోలో నాన్నా. మొత్తం చెప్పు."

చెప్పాడు. తనిఖీవాళ్లు పక్క ల్యాబులో ఉన్నారట. సురేంద్రనాథ్ పరుగెత్తుకొచ్చాడట. రావుగారూ, సేఫ్టీకి వేరే మార్కులున్నాయి, ఈ ఎర్ర అట్ట కనపడితే మార్కులన్నీ పోతాయి, ముఖ్యమైన మిషనే ఆగిపోయిందని రాసుకుంటారు అన్నాడట.

తనూజకి నవ్వొచ్చింది. ఏడుపుకన్నా ముందు అదే వచ్చింది.

"మత్లబ్, సేఫ్టీ మార్కులు పోతాయని సేఫ్టీ ట్యాగు విప్పేవు."

"మూత నా చేత్తో గట్టిగా పట్టుకున్నానమ్మా. ఉత్తినే ఆడించేను. వాళ్లు చూసేరు, బాగుందన్నారు. అంతే."

"ల్యాబులో ఎవరున్నారప్పుడు?"

ఆయన బల్ల మీది చుట్టొకటి పక్కకి జరిపాడు. "పిల్లలందర్నీ క్లాసుల్లోకి పంపించీసేరు. ప్రాజెక్టు చెప్పడానికి ఒక్క గుంటనే ఉంచేరు."

"భాగ్యరేఖ."

"ఊఁ."

"మరి ట్యాగు మళ్లీ ఎందుకు కట్టనేదు?"

"కట్టీద్దామనే చుట్ట చుట్టి డ్రాయర్లో పెట్టేను. ఈలోగా రా రమ్మని టీకి పిలిచేరు. ఫొటో అన్నారు. శాలువా అన్నారు..."

ఆ శాలువా తనూజకి తెలుసు. మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి ఇంటికొచ్చినప్పుడు నాన్న దాన్ని చేతికిస్తే, తనే మడతపెట్టి బీరువాలో దాచింది. భద్రతలో ఆదర్శం అని దాంతో ఒక జ్ఞాపిక కూడా ఇచ్చారు. దాన్ని టీవీ మీద పెట్టింది కూడా తనే. అరగంటకే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది.

"చిట్టిబాబు కథ చెప్పు నాన్నా," అంది ఉన్నట్టుండి.

"ఇప్పుడదెందుకమ్మా?"

"నిద్ర పట్టకపోతే అదే చెప్పేవాడివి కదా. చెప్పు."

ఆయన చెప్పలేదు. ఖుర్సీపార్‌లో ఆ కథ తెలియనివాళ్లు లేరు కాబట్టి నేనే చెప్తాను. చిట్టిబాబు ఒక కాంట్రాక్టు కూలీ. ఒకరోజు ట్యాగు విప్పడం మర్చిపోయి షిఫ్టు దిగి ఇంటికెళ్లిపోయాడు. మిషను ఆగిపోయింది. పెద్ద ఆఫీసర్లు వచ్చి కేకలేశారు, కూలీ ట్యాగేగా, తీసి పారెయ్యమన్నారు. మల్లేశ్వరరావు స్విచ్చుకి అడ్డంగా నిలబడ్డాడు. మనిషిని పంపి, ఇంటి దగ్గర స్నానం చేస్తున్న చిట్టిబాబుని తడి తలతోనే జీపులో రప్పించి, అతని చేత్తోనే విప్పించాడు. మూడు గంటలు పట్టింది. మెమో ఇచ్చారు. ఆ మెమోని ఆయన చాలా ఏళ్లు గర్వంగా దాచుకున్నాడు.

"ముక్కూ మొహం తెలీని కూలీ ట్యాగు కోసం మూడు గంటలు నిలబడ్డావు," అంది తనూజ. "నాది విప్పడానికి నీకు నిమిషం పట్టనేదు. క్యోం నాన్నా?"

మల్లేశ్వరరావు తలెత్తాడు. ఆయన మొహంలో నిజంగానే ఆశ్చర్యం ఉంది. ఇంత చిన్న సంగతి ఈ పిల్లకి తెలియలేదా అన్నట్టు చూశాడు.

"నీది కాబట్టే విప్పేనమ్మా. వేరేవాళ్లదైతే నేను ముట్టుకుందునా? కృష్ణమోహన్ కట్టిందైతే ఆ సురేంద్రనాథ్ నా కాళ్లు పట్టుకున్నా విప్పను. నా కూతురి ట్యాగే కదా, నా ఇంటిదే కదా అనుకున్నాను. నీకు సాయంత్రం చెప్పీద్దామనుకున్నాను."

మనిషి మోసం చేశానని తెలిసి మోసం చేస్తే తిట్టుకోవచ్చు. ఈయన చేసింది ప్రేమే అనుకుంటున్నాడు. తనూజ ఇరవయ్యేళ్లుగా దాచుకున్నదేదో ఆ మాటతో విరిగిపోయింది. నీ మాట ఇంకొకడు విప్పకూడదని చెప్పిన నాన్న దృష్టిలో, తన మాట తనది కాదు. ఆయన ఇంట్లో సామాను. కావలసినప్పుడు తీసి, పనయ్యాక చుట్ట చుట్టి డ్రాయర్లో పెట్టుకోవచ్చు.

"సరే, పొరపాటైంది. మనిషన్నాక అవుద్ది," అంది మెల్లగా. "మంగళవారం సాయంత్రం ఎందుకు చెప్పనేదు? బుధవారం? నేను ఆ కృష్ణమోహన్ మీద పడి అరుస్తంటే పక్కనే ఉన్నావు. పొద్దున్న ఆ కాగితం మీద నీ సంతకం చూసేను నాన్నా. అది కూడా పది నిమిషాల పనేనా?"

"ఏడాదే కదమ్మా. గుంట చిన్నది, మళ్లీ చేర్చుకుంటామన్నారు. నేను దగ్గరుండి చూసుకుంటాను. నా ముప్పై నాలుగేళ్లు మళ్లీ రావు కదా. రేపు గల్లీలో తలెత్తుకుని..."

"ఆ పిల్ల వేళ్లు మళ్లీ వస్తాయా?"

ఆయన ఇంకో దారి వెతుక్కున్నాడు.

"నీ ఉద్యోగం కూడా ఆలోచించేను. నా పేరు బయటకొస్తే నిన్నూ తీసీస్తారు. నీ కోసమే..."

"నా కోసం అనకండి సార్."

కాలేజీలో అందరి ముందూ ఆమె ఆయన్ని సార్ అనే పిలుస్తుంది. ఇంట్లో ఎన్నడూ అనలేదు. ఆ ఒక్క పిలుపుకి మల్లేశ్వరరావు చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు. చూడనీ. నాకైతే జాలి వెయ్యలేదు. తనూజకి వేసింది, అదే ఆమె ఖర్మ.

"సోమవారం మీరు చెప్తారా, నేను చెప్పనా?"

ఆయన నోరు తెరిచేలోగా గుమ్మం దగ్గర గాజుల చప్పుడైంది.

"అన్నయ్యా, ఉన్నావేటి?"

కోటమ్మ. భాగ్యరేఖ తల్లి. రెండు గల్లీల అవతల ఇల్లు. పొద్దున్నే సుపేలాలో ఇడ్లీ బండి పెడుతుంది. నాలుగు రోజులుగా బండి తియ్యలేదు. చీర నలిగి ఉంది, చేతిలో ఆస్పత్రి సంచీ ఉంది. బల్ల మీద పురికొస చుట్టలు చూసింది గానీ ఏమీ అడగలేదు. అడిగే ఓపిక ఉన్నట్టు లేదు.

"రా కోటమ్మా, కూకో," అన్నాడు మల్లేశ్వరరావు.

"గుంట ఎలాగుందత్తా?" అని తనూజ అడిగింది.

"జరం తగ్గనేదమ్మా. రాత్రల్లా ఏటేటో అంటంది. 'మావయ్యే ఆడించేరు కదమ్మా, బాగైపోయిందనుకున్నాను' అంటాది. మళ్లీ అదే అంటాది. నాకేటి తెలుస్తాది? జరంలో మాటలు." కళ్లు తుడుచుకుంది. "నువ్వంటే దానికంత నమ్మకం అన్నయ్యా. మావయ్య ఉన్న కాలేజీ అనే కదా, అంత మిషన్లున్న సదువుకి నానూ ఒప్పుకున్నాను."

మల్లేశ్వరరావు చేతులు బల్ల కిందికి వెళ్లిపోయాయి. తనూజకి అప్పుడర్థమైంది. పిల్ల చూసింది. సేఫ్టీ సార్ తన చేత్తో ట్యాగు విప్పి మిషను నడపడం చూసింది. ఆయన విప్పాడంటే ఇంక భయం లేదనుకుని స్విచ్చు నొక్కింది. తలుపు మీద రాసిన నియమాన్ని పిల్ల తప్పలేదు. రాసినాయన్ని నమ్మింది, అంతే.

కోటమ్మ సంచీలోంచి మడతపెట్టిన కాగితాలు తీసింది. రెండు పేజీలు. కింద నీలం సిరా కనిపిస్తోంది.

"కాలేజీవోళ్లు ఆస్పత్రికొచ్చి ఇచ్చినారు. ఆడ ఏలిముద్రేసి సోమారం తెమ్మన్నారు. అంతా ఇంగిలీసు. మా ఆయన హిందీయే కూడబలుక్కుంటాడు. వార్డులో ఒకాయన సదివి సెప్తానన్నాడు, నానే ఒద్దన్నాను. మా మల్లేశ్వరరావన్నయ్య సదివి ఎయ్యమంటే ఏస్తాను, ఒద్దంటే నేదు అని సెప్పీసినాను." స్టాంపు ఇంకు డబ్బా కూడా సంచీలోనే ఉంది. అది తీసి కాగితాల పక్కన పెట్టింది. "సదువు అన్నయ్యా. ఏటి రాసినారో."

మల్లేశ్వరరావు కళ్లజోడు పెట్టుకున్నాడు. కాగితం అందుకున్నాడు. తనూజ లేచి వెళ్లి ఆయన కుర్చీ వెనక నిలబడింది. ఆయన ఏం చదువుతాడో, కాగితంలో ఏముందో, రెండూ తెలిసే మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. తండ్రి మెడ మీద చెమట ఆమెకి కనిపిస్తోంది. వంగి ఆయన చెవిలో ఏదైనా అనాలనిపించింది. అనలేదు. ఇది ఆయన కట్టిన ముడి, ఆయనే విప్పాలి.

మొదటి పేజీ ఆయన లైను లైనుకీ తెలుగు చేసి చెప్పాడు. తేదీ, పేరు, మిషను పేరు, ఆస్పత్రి పేరు. ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. కోటమ్మ ప్రతిదానికీ తలూపింది. ఆయన పేజీ తిప్పాడు. ఒకటో లైను, రెండో లైను, మూడో లైను అయ్యాయి. నాలుగో లైను మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"ఇక్కడ ఏటి రాసేరంటే కోటమ్మా..." అన్నాడు.

కోటమ్మ ఇంకు డబ్బా మూత తీసింది.